కాఫీలో నీటి వాటా

ఏలూరులో రెండు నదుల నీళ్లు కలుస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. ఆ తర్వాత అటు విజ్జేశ్వరం వైపు నుంచి గోదావరి కాలువను, ఇటు బెజవాడ నుంచి కృష్ణా కాలువను తెచ్చి ఏలూరు దగ్గర కలిపారు. ధాన్యం, బెల్లం, కలప పడవల మీద అటూ ఇటూ సాగాయి. దాదాపు అర్ధశతాబ్దం గడిచాక అదే దిక్కున రైలు వచ్చింది, రైలు వెంట కాఫీ వచ్చింది. కాఫీ చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా గింజ ఎక్కడ పండింది, ఎవరు వేయించారు, ఏ హోటలు పేరు మోసింది అనే వరసలో చెప్పుకుపోతారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల కాఫీ సంగతి చెప్పాలంటే ఆ వరస చాలదు. ఇక్కడ కాఫీ నిన్న ఉన్నట్టే ఇవాళా ఉండేలా చేయడమంటే, ముందుగా నీటిని అదుపులో పెట్టడమే. గింజ దూరం నుంచి వచ్చింది, తరగతులు కట్టి మూటలుగా వచ్చింది. నీరు మాత్రం ఊరిది, రుతువును బట్టి మారేది. మంచి కాఫీ కాసే నేర్పు ఈ సీమలో ఏ రూపం తీసుకుందో, ఆ రూపం ఎందుకు అలా ఉందో, యంత్రాలు వచ్చాక ఏం పోయిందో అర్థం కావాలంటే నీటి దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ చిన్న పరిధిలో నీళ్లు ఎన్ని రకాలో చూడండి. తాడేపల్లిగూడెం మెట్టకూ డెల్టాకూ అంచున ఉన్న ఊరు. ఊరికి ఉత్తరాన ఇసుకరాతి పొరల్లో ఊరే బావుల నీళ్లు చాలాచోట్ల తాగడానికి పనికొస్తాయి. దక్షిణాన పల్లంలోకి దిగేకొద్దీ నేలలోని నీరు ఉప్పెక్కుతుంది. ఏలూరుకు కాలువే ఆధారం. ఆ కాలువలో వర్షాకాలపు వరద రోజుల్లో ఎర్రనీరు పారుతుంది, చలికాలానికి తేటపడుతుంది, ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువ కట్టేస్తారు. కాలువ కట్టేసిన రోజుల్లో ఊళ్లకు మంచినీటి చెరువుల్లో ముందుగా నింపుకున్న నీరే దిక్కు. ఆ నీరు రోజురోజుకూ ఇంకుతూ చిక్కబడుతుంది. ఇక కొల్లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పరుచుకున్న ఈ సరస్సులోకి తమ్మిలేరు, బుడమేరు వంటి ఏళ్లు, అరవైకి పైగా వాగులూ మురుగు కాలువలూ వచ్చి కలుస్తాయి. బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. వానలు వెనకబడి సరస్సు మట్టం తగ్గితే అదే దారిన సముద్రపు నీరు పైకి ఎగదన్నుతుంది. చుట్టూ నీళ్లున్నా లంక గ్రామాల వాళ్లు తాగునీటికి పడవల మీద వెళ్లాల్సి రావడం కొల్లేటి బతుకులో పాత కష్టం. బానల్లో నిలవపెట్టిన కాలువ నీటిలో చిల్లగింజ అరగదీసి కలిపి, లేదా పటిక తిప్పి, మడ్డి అడుక్కు దిగాక పై తేటను వంచుకోవడం ఈ ఊళ్లన్నిటిలో ఇంటిపని. ఏ బావి నీళ్లకు పప్పు ఉడకదో, ఏ నీళ్లకు సబ్బు నురగ రాదో ఇల్లాలికి తెలుసు. పప్పుకు కాలువ నీళ్లు, గిన్నెలకు బావి నీళ్లు అని వేరుచేసుకున్న వంటిల్లు కాఫీ వచ్చేనాటికే నీటి గుణం ఎరిగిన వంటిల్లు.

ఆ ఎరుక కాఫీకి ఎందుకు పనికొచ్చిందో రసాయనశాస్త్రం తర్వాత చెప్పింది. పాలు లేకుండా వడగట్టిన మామూలు కాఫీలో నూటికి తొంభై ఎనిమిది వంతులకు పైగా నీరే. అతి చిక్కనిదని పేరున్న ఎస్ప్రెస్సోలో కూడా సుమారు తొంభై వంతులు నీరే. వేయించిన పొడిలోంచి రుచిని బయటికి లాగడంలో నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం తోడ్పడతాయి. బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ హెండన్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన ముఖ్యంగా మెగ్నీషియం పాత్రను ఎత్తిచూపింది. బైకార్బొనేట్లు అలా కావు. అవి కాఫీలోని ఆమ్లాలను చంపేస్తాయి. కొంచెం ఉంటే పులుపు కరుకు తగ్గుతుంది, ఎక్కువైతే కాఫీ చప్పబడి సుద్ద రుచి వేస్తుంది. ఉప్పు శాతం పెరిగితే ఆ సంగతి నాలుకే చెబుతుంది. అంతర్జాతీయ స్పెషాలిటీ కాఫీ సంఘం కాఫీ కాయడానికి లీటరు నీటిలో 150 మిల్లీగ్రాముల లవణాలను లక్ష్యంగా, 75 నుంచి 250 వరకు ఫరవాలేదని పెట్టుకుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 500 వరకు మంచిది, వేరే ఆధారం లేనిచోట 2000 దాకా అనుమతి ఉంది. అంటే ప్రమాణం ప్రకారం తాగదగిన నీరు కాఫీకి పనికిరానిదై ఉండవచ్చు. డెల్టా నడుమ ఉండే ఊరికి ఈ తేడా కాగితం మీది అంకె కాదు, ఒకే పొడితో చైత్రంలో ఒక రుచి, శ్రావణంలో మరో రుచి రావడానికి కారణం.

కాఫీ ఈ సీమకు వచ్చిన దారి కూడా ఈ వాదానికి బలమిస్తుంది. గోదావరి అవతలి మన్యంలో, పాములేరు లోయలో 1898లోనే కాఫీ మొక్కలు నాటారు. 1920ల్లో ఆ సాగు పుల్లంగి, గూడెం కొండలకు పాకింది. అయినా తాడేపల్లిగూడెం ఇళ్లలో కాచిన కాఫీ ఆ కొండల నుంచి రాలేదు. 1899, 1900 నాటికి గూడూరు–బెజవాడ మార్గం, గోదావరి వంతెన పూర్తై మద్రాసు నుంచి కలకత్తాకు ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రైలు నడిచింది. ఆ రైలు దారినే మైసూరు, కొడగు తోటల గింజ మద్రాసు మీదుగా దిగింది. స్టేషన్ల ఫలహారశాలలు, ఊళ్లో కాఫీ క్లబ్బులు, తర్వాత వకీళ్లూ గుమాస్తాలూ ఉన్న ఇళ్లు, ఇలా అలవాటు పాకింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు కేంద్రమయ్యాక కచేరీల చుట్టూ కాఫీ హోటళ్లకు గిరాకీ స్థిరపడింది. ఇంతలో 1929 తర్వాతి ఆర్థికమాంద్యం కాఫీ ఎగుమతిని దెబ్బతీసింది. దేశంలోనే తాగేవాళ్లను పెంచాలని 1935లో కాఫీ సెస్సు చట్టం చేశారు, 1936లో బొంబాయిలో తొలి ఇండియా కాఫీ హౌస్ తెరిచారు, 1942లో కాఫీ బోర్డు ఏర్పడింది. తోటల పంటంతా బోర్డు ఉమ్మడి పూల్‌లో చేరి, ప్లాంటేషన్, చెర్రీ, పీబెర్రీ అంటూ తరగతులు కట్టుకుని వేలానికి వెళ్లే పద్ధతి 1990ల దాకా సాగింది. రైతుకు ఆ పద్ధతి మేలు చేసిందా కీడు చేసిందా అన్నది వేరే చర్చ. మనకు కావలసింది ఒక్కటే. గింజలోని హెచ్చుతగ్గులను ఊరికి చేరకముందే చాలావరకు సర్దేశారు. ఏలూరు హోటలువాడి చేతిలో మిగిలిన మారే సరుకులు మూడు: నీళ్లు, పాలు, కాసేవాడి చెయ్యి.

ఈ మూడింటినీ కట్టడి చేసిన ఉపాయమే డికాషన్. రెండు అరల ఇత్తడి ఫిల్టరు ఇంటికి, గుడ్డ సంచి హోటలుకు. పొడి వేసి, అణిచి, మరిగి దిగిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తే చిక్కటి కషాయం చుక్కచుక్కగా దిగుతుంది. దాన్ని పొయ్యి మీద పెట్టి మళ్లీ మరిగించరు, మరిగిస్తే చేదెక్కుతుంది. వేడినీళ్ల గిన్నెలో నిలబెడతారు. గిరాకీని బట్టి కొలతతో గ్లాసులోకి వంచి, కాగిన పాలు పోస్తారు. ఇందులోని లెక్క చూస్తే దాని విలువ తెలుస్తుంది. నూట యాభై మిల్లీలీటర్ల గ్లాసులు నూరు నింపడానికి నీళ్లతోనే కాచిన కాఫీ అయితే పదిహేను లీటర్ల నీళ్లు కావాలి. గ్లాసుకు నలభై మిల్లీలీటర్ల డికాషన్ అయితే, పొడి పీల్చుకునేది కలుపుకున్నా ఆరేడు లీటర్లు చాలు. పదిహేను లీటర్ల మంచినీళ్లు రోజుకు నాలుగైదుసార్లు తేవడం వేరు, ఒక బిందెడు తేవడం వేరు. మెట్ట బావి నుంచో, తేటపడిన కాలువ నుంచో, ముందురోజు బానలో తేర్చిపెట్టుకున్నదో, ఒక్క బిందె మంచినీళ్లు ప్రత్యేకంగా ఉంచుకుంటే హోటలు కాఫీ ఆ రోజుకు నిలబడుతుంది. గిన్నెలు కడగడానికి ఏ నీళ్లయినా ఒకటే. కాఫీలో ఊరి నీటి వాటాను తగ్గించి, ఆ తగ్గిన వాటాకు ఎంచిన నీటిని వాడటం, ఇదీ డికాషన్ చేసిన పని. ఎస్ప్రెస్సో నేర్పు కూడా ఈ తోవదే. ఇటలీలో జాతీయ ఎస్ప్రెస్సో సంస్థ పెట్టుకున్న కొలతల్లో ఒక కప్పుకు 7 గ్రాముల పొడి, 25 సెకన్లు, 25 మిల్లీలీటర్లు, 9 బార్ల ఒత్తిడి. తక్కువ నీటితో చిక్కటి సారం తీసి, తర్వాత పాలతోనో వేడినీళ్లతోనో సాగదీయడం రెండిటికీ ఒకటే సూత్రం. అక్కడ ఒత్తిడి క్షణాల్లో చేసేదాన్ని ఇక్కడ ఓపిక అరగంటలో చేసింది.

పాల సంగతి కూడా నీటి సంగతే. గ్లాసులో మూడు వంతులు పాలైనప్పుడు, ఆ పాలలో కలిపిన నీళ్లు ఏ బావివో ఎవరికీ తెలియవు. పాలవాడి ఎదుట లాక్టోమీటరు ముంచిన హోటలు యజమాని చూసుకున్నది డబ్బు ఒక్కటే కాదు, తన కాఫీలోకి తనకు తెలియని నీరు రాకుండా చూసుకున్నాడు. డెల్టా పాలు గేదె పాలు. ఆవు పాలలో వెన్న మూడున్నర, నాలుగు శాతం ఉంటే గేదె పాలలో ఆరేడు శాతం. ఆ వెన్న డికాషన్ కరుకును కప్పేస్తుంది, చిక్కదనాన్ని ఇస్తుంది. చికోరీ రెండో ముసుగు. వేయించిన చికోరీ వేరు పొడి ఏ నీళ్లలోనైనా సులువుగా కరిగి రంగు, చేదు, బరువు ఇస్తుంది. కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని ఆహార కల్తీ నిరోధక నిబంధనలు గీత గీయాల్సి వచ్చిందంటే చికోరీ వైపు మొగ్గు ఎంత బలంగా ఉండేదో ఊహించవచ్చు. ఇక్కడే ఒక ఆక్షేపణ ఎదురవుతుంది: పాలూ చికోరీ నల్లగా వేయించడమూ కలిసి నీటి తేడాను దాచేస్తుంటే నీరు ముఖ్యమని చెప్పడం ఏమిటి? ఆక్షేపణలోని సగం నిజం. దాచాయి. కానీ దాచాల్సిన అవసరం ఎందుకొచ్చిందన్నదే నా ప్రశ్న. నీరు ఏడాది పొడవునా ఒకేలా ఉండే కొండ ఊళ్లో చికోరీ చౌకదనం కోసమే కలిపారనుకోవచ్చు. డెల్టాలో చౌకదనానికి తోడు మరో లాభం ఉంది. మారే నీటిని మార్పులేని రుచి కింద మూసిపెట్టవచ్చు. దానికి చెల్లించిన మూల్యం కూడా చెప్పుకోవాలి. పీబెర్రీ కొన్నా, ప్లాంటేషన్ కొన్నా గ్లాసులో తేడా తెలియని తాగుడు మనది. నిలకడ దక్కింది, గింజ గొంతు వినపడలేదు.

మరో ఆక్షేపణ ఇంతకన్నా గట్టిది. ఇదే డికాషన్, ఇదే చికోరీ, ఇదే చిక్కటి పాలు తంజావూరులో ఉన్నాయి, మైసూరులో ఉన్నాయి. అక్కడి నీళ్లు వేరు, భూమి వేరు. అలాంటప్పుడు ఈ పద్ధతిని కొల్లేటి నీళ్లు పుట్టించాయని ఎలా అంటారు? అనను. పద్ధతి మద్రాసు రైలులో దిగింది, దాంతో పాటు ఉడుపి, తమిళ హోటళ్ల వంటవాళ్ల అలవాట్లూ దిగాయి. ఒక పద్ధతి ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, మరో చోట ఎందుకు వేళ్లూనిందన్నది వేరే ప్రశ్న. వేళ్లూనడానికి కారణం కావేరి ఒడ్డున ఒకటి కావచ్చు, ఉప్పుటేటి ఒడ్డున మరొకటి కావచ్చు. టీతో పోల్చి చూస్తే ఇది స్పష్టమవుతుంది. టీ ఈ సీమలో తర్వాత విరివిగా పాకింది, నేడు బజారులో టీ కొట్లదే పైచేయి. టీని నీళ్లూ పాలూ కలిపి ఒకే గిన్నెలో పొద్దంతా మరిగిస్తారు. నీరు బాగాలేని చోట అల్లం, యాలకులు పడతాయి, పంచదార పెరుగుతుంది. కాఫీ హోటలు ఆ దారి తొక్కకుండా డికాషన్‌ను విడిగా, పాలను విడిగా ఉంచిందంటే, ఏది చెడితే దాన్ని విడిగా పారబోసే వీలు ఉంచుకుంది. పాలు విరిగితే డికాషన్ మిగులుతుంది, డికాషన్ చేదెక్కితే పాలు మిగులుతాయి. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడానికి ఇంతకన్నా తేలికైన ఏర్పాటు వంటింట్లో లేదు.

పాత హోటళ్లను మెచ్చుకునేటప్పుడు వాటి గోడల మీది బోర్డులను మర్చిపోవడం అన్యాయం. మద్రాసు రాష్ట్రంలో కాఫీ హోటళ్లు చాలాకాలం కులం పేరుతో నడిచాయి. బ్రాహ్మణ హోటలు అన్న బోర్డు ఉండేది, లోపల బల్లలు వేరుగా ఉండేవి. దళితులను గుమ్మమే దాటనివ్వలేదు. మద్రాసు శాసనసభ 1938లో పౌర అనర్హతల తొలగింపు చట్టం చేసింది, 1950లో రాజ్యాంగంలోని 15, 17 అధికరణాలు హోటళ్లలో, బావుల దగ్గర, చెరువుల దగ్గర వివక్షను నిషేధించాయి. అయినా పల్లెటూరి టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత దశాబ్దాలు బతికింది. ఇది నీటి చరిత్రకు బయటి సంగతి కాదు, దాని నడిబొడ్డులోనిదే. మంచి కాఫీకి మంచి నీళ్లు కావాలి, ఆ మంచి నీళ్ల చెరువు మెట్లు అందరినీ దిగనిచ్చినవి కావు. ఊరి మంచినీటి చెరువు నుంచి బిందె ముంచుకునే హక్కు లేనివాడికి ఆ కాఫీ నిలకడ అందలేదు, పల్లపు గుంట నీళ్లే అందాయి. అందువల్ల పాత హోటలు నిలకడ వెలివేత మీద నిలిచిందనే మాటను నేను తోసిపుచ్చను. ఒక్కటే జోడిస్తాను. ఆ నేర్పుకు వెలివేత అవసరం లేదు. బోర్డులు దిగాక, యజమానుల కులాలు మారాక కూడా డికాషన్ అదే తీరుగా దిగింది. మడి పేరుతో కాపాడామని చెప్పుకున్న శుభ్రత నిజానికి విడిగా ఉంచిన నీళ్లు, పొద్దున్నే పిండిన పాలు, ఆ పూట వేసిన పొడి. వాటికి కులం లేదు.

ఇక యంత్రం. ట్యూరిన్‌లో ఆంజెలో మోరియొండో 1884లో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. మిలాన్‌లో లుయీజీ బెజ్జెరా 1901లో కప్పుకు కప్పు విడిగా తీసే యంత్రం చేశాడు, ఆ హక్కులు కొన్న పవోనీ అనే తయారీదారు దాన్ని వ్యాపారానికి తెచ్చాడు. ఆ తొలి యంత్రాలు ఆవిరి ఒత్తిడితో నడిచేవి, కాఫీ మాడు వాసన వేసేది. అకీల్లె గాజ్జా రెండో ప్రపంచయుద్ధం తర్వాత మీట యంత్రంతో ఒత్తిడిని పెంచి, పైన బంగారు రంగు నురగ వచ్చేలా చేశాడు. 1961లో ఫాయెమా ఇ61 యంత్రం మీట స్థానంలో మోటారు పంపు పెట్టి ఒత్తిడిని చేతి బలం నుంచి విడదీసింది. డెబ్బై ఏళ్లకు పైగా సాగిన ఈ కథంతా ఒక్క పట్టుదల చుట్టూ తిరిగింది: మారుతూ ఉండేవాటిని ఒక్కొక్కటిగా కదలకుండా చేయడం. మొదట వేడి, తర్వాత ఒత్తిడి, ఆ తర్వాత సమయం. ఆఖరికి నీటి దగ్గర ఆగారు. బాయిలరు లోపల సున్నపు పొర పేరుకుంటే ఏ యంత్రమైనా చెడుతుంది. ఏలూరు మీదుగా నడిచిన ఆవిరి ఇంజన్లకూ ఇదే బెడద. రైల్వేలు కూడా ఇంజనుకు పట్టే నీటి గుణం చూసుకోవాల్సి వచ్చేది.

మన పెళ్లిళ్లలో, సినిమా హాళ్ల విరామాల్లో, ఎగ్జిబిషన్లలో ఎస్ప్రెస్సో పేరుతో కనిపించిన యంత్రం ఆ ఇటాలియన్ యంత్రంలో సగమే. దాంట్లో బాయిలరు ఉంది, ఆవిరి గొట్టం ఉంది, పొడిలోంచి సారం తీసే భాగానికి పని లేదు. కప్పులో ఇన్‌స్టెంట్ పొడి, పంచదార వేసి, నాలుగు చుక్కల తడితో తెల్లబడేదాకా గిలక్కొట్టి, పాలను ఆవిరితో పొంగించి పోసి, పైన గోధుమరంగు పొడి చల్లుతారు. దీన్ని నకిలీ అని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. వెయ్యి మంది భోజనానికి కూర్చున్న పెళ్లిలో ఒక్క గంటలో అందరికీ ఒకే రుచి కాఫీ ఇవ్వడం డికాషన్‌తో కష్టం, దీంతో సుసాధ్యం. కారణం, ఊరి నీటి వాటా దాదాపు సున్నా అయింది. నెస్లే 1938లో స్విట్జర్లాండులో మొదలుపెట్టిన ఇన్‌స్టెంట్ కాఫీ, 1960ల చివరి నుంచి వేరే కంపెనీ తెచ్చిన బ్రూ రూపంలో మన ఇళ్లకు చికోరీతో కలిసి వచ్చింది. 1990ల మధ్యలో కృష్ణా కాలువల గడ్డ మీదే, గుంటూరు జిల్లా దుగ్గిరాలలో, చల్లా రాజేంద్రప్రసాద్ స్థాపించిన సీసీఎల్ కర్మాగారం నెలకొంది. అది ప్రపంచంలోని ఎన్నో దేశాల బ్రాండ్లకు ఇన్‌స్టెంట్ కాఫీ చేసి పంపే స్థాయికి ఎదిగింది. ఇన్‌స్టెంట్ అంటే కాఫీ కాయడం కర్మాగారంలోనే ముగిసిపోవడం, నీళ్లు ఆవిరై సారం పొడిగా మిగలడం. కొల్లేటి లంకలో ఉప్పు నీళ్లు ఎంతున్నా ఆ పొడికి పట్టదు, పాలు ఉంటే చాలు. నిలకడ సంపూర్ణమైంది. ఎండబెట్టడంలో పోయిన వాసనలు మాత్రం తిరిగి పూర్తిగా రావు. తాజాగా పొడి చేసిన గింజలో వందలాది సువాసన పదార్థాలు ఉంటాయి, ముందుగా ఎగిరిపోయేవీ అవే. ఈ సీమ నిలకడను గెలుచుకున్న ప్రతిసారీ మంచితనంలో కొంత ఇచ్చుకుంది. ఆ ఇచ్చుకోలులో అన్నిటికన్నా పెద్దది ఇదే.

ఈలోగా నీరు కూడా మారిపోయింది. 1970ల మధ్య నుంచి కొల్లేటిలో చేపల చెరువులు మొదలై, 1980, 90ల్లో వరిచేలను, మేత బీళ్లను మింగుతూ పాకాయి. 1999లో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో సరస్సు చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేరింది, 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించింది. అయినా చుట్టుపక్కల ఊళ్ల నేల నీళ్లు, మురుగు కాలువల నీళ్లు పాత మంచినీళ్లు కాలేదు. ఊరూరా ఆర్వో ప్లాంట్లు లేచాయి, ఇరవై లీటర్ల క్యాను ఇంటింటికీ వచ్చింది. ఉప్పు బాధ తప్పింది, కొత్త చిక్కు వచ్చింది. ఆర్వో నీటిలో లవణాలు లీటరుకు యాభై మిల్లీగ్రాములకు కూడా దిగిపోతుంటాయి. చేదునూ బరువునూ చికోరీ మోసే మామూలు కాఫీకి అది పట్టకపోవచ్చు. ఈ ప్రాంతపు పట్టణాల్లో ఇప్పుడు తెరుచుకుంటున్న కాఫీ షాపుల యంత్రాలకు పడుతుంది. మెగ్నీషియం, కాల్షియం లేని నీరు గింజ సారాన్ని సరిగా లాగలేదు, ఆమ్లాన్ని ఆపే బైకార్బొనేట్లు లేక పులుపు మొనదేలుతుంది, బాయిలరులో నీటి మట్టాన్ని విద్యుత్తుతో పసిగట్టే కడ్డీ మరీ శుద్ధమైన నీటిని గుర్తించలేక మొరాయిస్తుంది. ఖరీదైన గ్రైండరు, గ్రాముల త్రాసు, సెకన్ల గడియారం అన్నీ కొన్న షాపు నీటిని క్యానుకు వదిలేస్తే ఆ ఖర్చంతా నూరింట తొంభై వంతుల దగ్గర వృథా. వడపోసిన కాలువ నీటిని ఆర్వో నీటితో తగు పాళ్లలో కలిపి 150 దగ్గరకు తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. చిన్న మీటరు ఉంటే చాలు.

తాగేవాళ్లు అడగని నాణ్యత కోసం ఇంత శ్రమ ఎందుకని వ్యాపారి అడగవచ్చు. అడగకపోవడానికి కారణం రుచి చూసే అవకాశం రాకపోవడమేనని నా నమ్మకం. పాములేరులో మొదలైన మన్యపు కాఫీ నూట ఇరవై ఏళ్ల తర్వాత అరకు పేరుతో 2017లో పారిస్‌లో సొంత దుకాణం తెరిచింది, 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గింజ విలువ దాని లేత పులుపులో, పండ్ల వాసనలో ఉంది. నల్లగా వేయించి, చికోరీ కలిపి, గేదె పాలు పోస్తే ఆ విలువ మిగలదు. లేతగా వేయించి నీళ్లతో కాస్తే నీటి గుణం దాగదు. తాడేపల్లిగూడెం మెట్ట బావి నీళ్లు, ఏలూరులో వర్షాకాలపు కాలువ నీళ్లు, చలికాలపు కాలువ నీళ్లు, కైకలూరు వైపు క్యాను నీళ్లు, ఈ నాలుగింటితో అదే గింజను పక్కపక్కన కాచి రుచి చూసి రాసిపెట్టుకోవడం ఈ ఊళ్ల కాఫీ షాపులకు చేతిలో ఉన్న పని. ఉప్పుటేటిపై రెగ్యులేటర్లు కట్టి సముద్రపు నీటిని ఆపాలన్న పాత ప్రతిపాదన, కొల్లేటి గ్రామాలకు ఏడాది పొడవునా కాలువ నీరు గొట్టాల్లో అందించాలన్న పాత కోరిక ప్రభుత్వం చేయాల్సిన పనులు. అవి కాఫీ కోసం అడిగినవి కావు, తాగడానికి అడిగినవి. ఆ నీళ్లు వచ్చిన రోజున లంకలో ఇత్తడి ఫిల్టరు మళ్లీ అటక దిగవచ్చు.